మంత్రిగారూ, మా పిల్లలకు ఒక్క పూట ప్రాక్టీసు చూపించండి

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో పీఈటీని, అంటే బడిలో ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. క్రీడాకారులను పిల్లలకు ఆదర్శంగా చూపించవచ్చా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. తప్పకుండా చూపించాలి. కాకపోతే వాళ్లలో ఏం చూపిస్తున్నామన్నదే నా బాధ.

ఏ క్రికెటర్ ఏ కారు కొన్నాడో మా పిల్లలు గడగడా చెప్పేస్తారు. గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడని కూడా తెలుసు. కొడుకు ఆట కోసం వాళ్ల నాన్న ఉద్యోగం వదులుకున్న సంగతి చాలామందికి తెలియదు.

నేను ఎక్కువగా చెప్పేది మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ గురించి. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పోటీ) ఫైనల్‌కు నిలబడింది. తుపాకీ మోగకముందే చైనా అమ్మాయి కదిలింది, ఆమెను చూసి జ్యోతీ కదిలింది. అలా ముందే కదిలితే పోటీ నుంచి తప్పిస్తారు. జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె ట్రాక్ వదలకుండా అక్కడే నిలబడి, తప్పు తనది కాదని అధికారులకు చెప్పింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత టెన్షన్‌లోనూ మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని డిస్‌క్వాలిఫై చేయడంతో రజతం దక్కింది.

ఇది విని ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, "సార్, రిఫరీని ఎదురు అడగొచ్చా?" అంది. మర్యాదగా అడగొచ్చమ్మా అన్నాను. ఆ వారమే కబడ్డీలో గీత తొక్కలేదని రిఫరీగా ఉన్న నన్నే నిలదీసింది. అడుగు గుర్తు చూస్తే ఆమె చెప్పిందే నిజం. నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

మరోపక్క, పేరున్న మాజీ క్రికెటర్లే పాన్ మసాలా కంపెనీల ఇలాచీ ప్రకటనల్లో కనిపించారు. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ గేములను 2025లో కేంద్రం నిషేధించేదాకా వాటి ప్రచారంలోనూ ఆటగాళ్లే. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ మాత్రం 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నారు. చేతికొచ్చిన డబ్బును కాదనడం ఎంత కష్టమో ఇల్లు నడిపేవాళ్లకు తెలుసు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రభుత్వ బడికి ఎవరినైనా ఆదర్శమని తీసుకొచ్చేముందు వాళ్లు ఏ ప్రకటనల్లో ఉన్నారో చూడండి. పిల్లలను ఎండలో కూర్చోబెట్టి శాలువాలు కప్పే సభలు మాకొద్దు. క్రీడాకారులు ఊళ్లో ఉన్నప్పుడు పోర్టు స్టేడియంలోనో, ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో ఒక్క పూట వాళ్ల ప్రాక్టీసు చూడనివ్వండి. వార్మప్ దగ్గర్నుంచీ చూడాలి. హర్డిల్ తగిలి పడితే ఎలా లేస్తారో, కోచ్ కేకలేస్తే ఏం చేస్తారో పిల్లల కంటబడాలి.

వారం ముందు కబురు చేస్తే పిల్లలను దగ్గరుండి తీసుకొచ్చే బాధ్యత పీఈటీలది. బస్సులు, మంచినీళ్లు మాత్రం మీ శాఖ చూసుకోవాలి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం