మా అమ్మాయి నొప్పిని నమ్మినవారికి కృతజ్ఞతలు

ఏడాదిన్నర క్రితం, వేసవి సెలవుల్లో, మా అమ్మాయికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వారం రోజుల్లో తగ్గాయి గానీ కడుపునొప్పి మాత్రం వదల్లేదు. తొమ్మిదో తరగతి అంతా తలచుకుంటే తను మెలికలు తిరుగుతూ మంచం మీద పడుకున్న రోజులే గుర్తొస్తాయి. రక్తపరీక్షలు, మల పరీక్షలు, స్కానింగు అన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. ఒకచోటైతే "ఏమీ లేదమ్మా, బడి ఎగ్గొట్టడానికే" అని తన ముందే నవ్వారు. ఆ రోజు ఆటోలో ఇంటికి వచ్చేదాకా అమ్మాయి నా ముఖం చూడలేదు. ఒక్క క్షణం నేనూ ఆ మాట నమ్మాను. అది తను కనిపెట్టేసింది.

అందుకే మొదటి నమస్కారం మా పిల్లల జీర్ణకోశ వైద్యురాలికి. (పేరు రాయవద్దన్నారు.) డాక్టరుగారూ, మీరు నాతో కాకుండా ముందు అమ్మాయితో మాట్లాడారు. రాత్రి నొప్పితో మెలకువ వస్తుందా, మలంలో రక్తం పడుతోందా, బరువు తగ్గావా అని ఒక్కొక్కటే అడిగారు. నెలలో ఎన్ని రోజులు వస్తోందో, విరేచనానికి వెళ్లాక నొప్పిలో మార్పు ఉంటుందో లేదో రాసుకున్నారు. పాత రిపోర్టులన్నీ చూశాక "నీ నొప్పి నిజమేనమ్మా. దీన్ని ఐబీఎస్ అంటారు" అన్నారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అట, పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా పేగు నొప్పి పెట్టే సమస్య. ఏడాదిలో తనకు ఆ మాట చెప్పిన మొదటి పెద్దవారు మీరే.

కాలి మానిన చేతికి గోరువెచ్చని నీళ్లు కూడా చురుక్కుమన్నట్టే, జబ్బు పోయినా పేగు నరాలు సున్నితంగా ఉండిపోవచ్చని చెప్పారు. మిగతావాళ్లకు తెలియకుండానే జరిగిపోయే గాలి కదలిక, పేగు సాగడం ఇలాంటి పిల్లలకు నొప్పిగా తెలుస్తుందట. పేగులో చిన్న బెలూను ఉంచి, కొద్దికొద్దిగా గాలి నింపి చూసిన పరిశోధనల్లో, ఐబీఎస్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇతరులకంటే తక్కువ ఒత్తిడికే నొప్పి పుట్టిందట. పరీక్షల భయం నొప్పిని పెంచవచ్చు, కానీ అంతమాత్రాన అది నాటకం కాదు అన్నారు. ఒకరి మాట విని పాలు, మరొకరి మాట విని పప్పు, గోధుమలు మానిపించాను నేను. వాటినీ మీరే ఒక్కొక్కటిగా తిరిగి పెట్టించారు.

మీరు పంపిన సైకాలజిస్టుగారి దగ్గరకు వెళ్లడానికి మొదట మా అత్తగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు అక్కడ నేర్పిన ఊపిరి సాధనకు రోజూ సాయంత్రం గ్లాసు తెచ్చి ఇచ్చేది మా అత్తగారే. అమ్మాయి వెల్లకిలా పడుకుని, బొడ్డు మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టుకుంటుంది. ఊపిరి తీస్తే గ్లాసు పైకి లేవాలి, వదిలితే మెల్లగా దిగాలి, పడిపోకూడదు. మొదటి వారం గ్లాసు గచ్చు మీద పడే చప్పుడే ఇల్లంతా.

సైకాలజిస్టుగారూ, "కడుపు ఎలా ఉందని మాటిమాటికీ అడగకండి" అని మీరన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తల్లిని, అడగకుండా ఎలా ఉంటాను? అప్పుడు మీరు 2006లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన పరిశోధన గురించి చెప్పారు. పిల్లల చేత కడుపు నిండా నీళ్లు తాగించారట. తల్లిదండ్రులు నొప్పి గురించే మాట్లాడితే పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, వేరే కబుర్లలో పెడితే దాదాపు సగానికి తగ్గాయి. మాట మార్చితే పిల్లలకు చెరుపు జరుగుతుందని అనుకున్నది తల్లిదండ్రులేనట. నేనూ అచ్చంగా అలాగే అనుకున్నాను.

తలుపు పక్క బెంచీ ఇచ్చి, అడగకుండానే బయటకు వెళ్లిరావచ్చని చెప్పిన క్లాసు టీచరుగారికి, ఏమైందని ఎవరూ అడగకుండా చూసుకున్న తన స్నేహితురాళ్లకు కూడా ఎంతో రుణపడి ఉన్నాం.

నొప్పి పూర్తిగా పోలేదు. పోయిన నెలలో బడి మానింది మాత్రం రెండు రోజులే. మొన్న ఆదివారం మధ్యాహ్నం పొట్ట పట్టుకుని హాల్లో కూర్చుంటే చూశాను. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను ఆపుకుని, "ఈ చిక్కుడుకాయల ఈనెలు తీసిపెడతావా?" అని పిలిచాను. వచ్చి పక్కన కూర్చుంది. పావుగంట తర్వాత, చేతిలో కాయ అలాగే పెట్టుకుని, బడిలో జరగబోయే నాటకం గురించి చెప్పడం మొదలుపెట్టింది.