వీనస్ ఫ్లైట్రాప్‌కు ఎరువు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏ మొక్కకు కుండీ మార్చినా వర్మీకంపోస్టు కలపాలని మీ పెరటి తోట పేజీలో రాశారు. దయచేసి ‘ఏ మొక్కకు’ అన్న మాటను సవరించండి.

రెండేళ్ల కిందట నర్సరీలో చెప్పినట్టే, పురుగులను పట్టి తినే నా మొక్క వీనస్ ఫ్లైట్రాప్‌ను ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపిన కుండీలోకి మార్చాను. మూడు వారాల్లో నల్లబడి కుళ్లిపోయింది. రోజూ దానికోసం చీమలు ఏరి తెచ్చే మనవరాలికి ఏం చెప్పాలో తోచలేదు.

ఈ మొక్కలు సారం లేని బురదనేలల్లో పుట్టినవి. మట్టిలో దొరకని నత్రజని వంటి పోషకాల కోసమే పురుగులను పడతాయి. ఎరువు, బోరునీటి లవణాలు వేర్లను మాడ్చేస్తాయి. ఇప్పుడు కొత్త మొక్కను స్ఫాగ్నమ్ అనే బురదనేల నాచులో పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి ప్లాస్టిక్ కుండీలో నాటి, డాబా మీద పట్టిన వాననీరే పోస్తున్నాను. ఫిబ్రవరిలో, కొత్త చిగుళ్లు రాకముందే కుండీ మారుస్తాను. వేర్లు నల్లదారాల్లా ఉంటాయి. లాగకుండా నీళ్లలో ముంచి పాత నాచును వదిలిస్తాను. పురుగులను పట్టే ఆకుల నోళ్లను అసలు ముట్టను. ఊరికే మూసుకుంటే మొక్కకు శక్తి వృథా.

ఇలాగే పురుగులను పట్టే, మేఘాలయ కొండల్లో పెరిగే మన కూజా మొక్క, నెపెంథిస్ ఖాసియానా, అంతరించే ప్రమాదంలో ఉంది. అడవి నుంచి పెకలించి తెచ్చినదాన్ని కొనవద్దని కూడా రాయండి.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయనగరం