అమ్మ ఆపరేషన్‌కు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ఏళ్ల తరబడి ఛాతీలో మంటతో, పుల్లటి తేన్పులతో బాధపడిన మా అమ్మకు హైదరాబాద్‌లో చేసిన ఆపరేషన్ విజయవంతమైంది. ఆమె కోలుకోవడానికి సాయపడిన డాక్టర్లకు, సిస్టర్లకు, మిర్యాలగూడ పక్కనున్న మా ఊరివారికి మా ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసి మమ్మల్ని పెంచిన మనిషి ఆమె. పొలంలో నడుం వంచగానే తిన్నది గొంతులోకి ఎగదన్నేది. రాత్రిపూట మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టినా నిద్రపట్టక, గోడకు ఆనుకుని కూర్చునేది. పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ గోళీతో మంట తగ్గేది కానీ ఎగదన్నడం ఆగేది కాదు. ఆ గోళీ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుందే తప్ప అన్నవాహిక అడుగున వదులైన కండరాన్ని బిగించదని సర్జన్ గారు చెప్పాకే మాకు అర్థమైంది.

ఆ సర్జన్ గారికి మేమెంతో రుణపడి ఉన్నాం. ఆపరేషన్ తప్పనిసరో కాదో తేల్చుకోనిదే ఆయన కత్తి పట్టలేదు. ఎండోస్కోపీలో కడుపు పైభాగం, ఛాతీని పొట్టను వేరుచేసే కండరపు పొర అయిన ఉదరవితానం దాటి ఛాతీలోకి జారినట్టు కనిపించినా, అన్నవాహిక కదలికలను కొలిచే మానోమెట్రీ, 24 గంటల ఆమ్ల పరీక్ష కూడా చేయించారు. ముక్కులోంచి సన్నని గొట్టం దించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, మంట వచ్చినప్పుడల్లా ఏ మీట నొక్కాలో చదువురాని అమ్మకు వేలు పట్టి నేర్పిన టెక్నీషియన్ తమ్ముడి ఓపికను మేము మరవలేము.

1956లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ వెల్లడించిన పద్ధతిలో కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ పూర్తిగా చుట్టి కుడతారట. అమ్మకు మింగే కదలికలు కొంత బలహీనంగా ఉండటంతో, మింగుడు కష్టం కాకుండా వెనుకనుంచి ముప్పావు వంతు మాత్రమే చుట్టారు. జారిన కడుపును కిందికి దించి, ఉదరవితానంలోని సందును కుట్లతో బిగించి, ఇదంతా పొట్టమీద చిన్న రంధ్రాల ద్వారానే పూర్తి చేశారు. కొన్ని వారాలు మింగడం ఇబ్బందిగా ఉండొచ్చని, పొట్ట ఉబ్బరించవచ్చని, కొందరికి కొన్నేళ్లకు మళ్లీ గోళీలు అవసరం కావచ్చని ముందే చెప్పడం వల్ల మేము దేనికీ బెదరలేదు.

జావ నుంచి మెత్తటి అన్నానికి, అక్కడినుంచి జొన్నరొట్టెకు ఎప్పుడెప్పుడు మారాలో, ప్రతి ముద్దనూ ఎంత నమలాలో పక్కన కూర్చుని చెప్పిన సిస్టరమ్మకు ప్రత్యేక కృతజ్ఞతలు. ఇప్పుడు అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది.

బరువులెత్తవద్దని డాక్టర్లు చెప్పిన ఆ రోజుల్లో మా మడి నాట్లు పూర్తిచేసి, కూలి ఇవ్వబోతే పుచ్చుకోని వాడకట్టు అక్కలకు, వదినెలకు ఏమిచ్చినా తక్కువే. డాక్టరు గారు పనికి అనుమతి ఇచ్చారు కాబట్టి, వచ్చే పంటకు మీ మళ్లలో నాట్లకు తానే వస్తానని అమ్మ మీ అందరికీ చెప్పమంది.