గీజర్ పొగ ఎటు పోతోందో ఎవరైనా చూశారా?

ఎడిటర్ గారికి,

చలికాలం వస్తే చాలు, బాత్‌రూంలో గ్యాస్ గీజర్ వల్ల ఊపిరాడక ఫలానా ఊళ్లో ఒకరు పోయారని పేపర్లో ఏదో ఒక మూల వార్త వస్తుంది. కిటికీ తెరిచి ఉంచుకోండని కింద ఒక సలహా, అంతటితో సరి. ఇళ్ల సంగతి అలా ఉంచండి, హాస్టళ్లు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్ల మాటేంటి? అక్కడి పెద్ద గీజర్లు ఇంటి గీజర్ కంటే ఎన్నో రెట్లు గ్యాస్ కాలుస్తాయి, పైగా పక్క గదిలో పడుకున్నవాళ్లకి అక్కడ అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. హాస్టళ్లకీ హోటళ్లకీ వేడినీళ్ల లైన్లు వేసే పని నాది, అందుకే రాస్తున్నాను.

ఓనర్లు అడిగేవి రెండే: గంటకి ఎన్ని లీటర్లు వస్తాయి, నెలకి ఎన్ని సిలిండర్లు అవుతాయి. పొగ గొట్టం ఎటు తీస్తున్నావయ్యా అని అడిగేవాళ్లు అరుదు. తనిఖీకి వచ్చేవాళ్లు కూడా సిలిండర్ ఎరుపా నీలమా, మంటలార్పే డబ్బా మీద తేదీ అయిపోయిందా అని చూసి, టీ తాగి వెళ్లిపోతారు.

అమీర్‌పేట, మాదాపూర్ వైపు ఏదైనా హాస్టల్ టెర్రస్ ఎక్కి చూడండి. బాత్‌రూంల వెనక గాలి కోసం వదిలిన డక్టు ఉంటుంది, గీజర్ గొట్టాన్ని అందులోకి తీసేస్తారు. చూడ్డానికి బయటికి తీసినట్టే ఉంటుంది. కానీ ప్రతి అంతస్తులో బాత్‌రూం వెంటిలేటర్లు తెరుచుకునేది ఆ డక్టులోకే, ఇక పైన చూస్తే పావురాలు రాకూడదని, వాన పడకూడదని ఫైబర్ షీటు వేసి బిగించేసి ఉంటారు. పొగ పైకి పోయి షీటుకి తగిలి, ఏ వెంటిలేటర్ తెరిచి ఉంటే అందులోకి దూరుతుంది. రెండో అంతస్తులో గీజర్ వెలిగితే నాలుగో అంతస్తులో పిల్లాడికి తల పగిలిపోతుంది. వాంతి కూడా అయితే రాత్రి తిన్న బిర్యానీ మీదకి తోసేస్తారు. ఒకే ఫ్లోర్‌లో నలుగురికి పొద్దున్నే తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గిపోతుంటే అది మెస్సు తప్పు కాకపోవచ్చని ఎవరికీ తట్టదు.

వాసన ఏమీ రాలేదు కదా అంటారు. సిలిండర్ లీకైతే వాసన వచ్చేది అందులో కావాలని కలిపిన మందు వల్ల. ఆ గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ఆక్సిజన్ అతుక్కోవాల్సిన చోట దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఇది అతుక్కుంటుంది, ఒంటికి ఆక్సిజన్ అందనివ్వదు.

సరిగ్గా కాలాలంటే గాలి కావాలి. కిలో ఎల్‌పీజీ కాలడానికి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ముప్పై కిలోవాట్ల గీజర్ గంటకి రెండు, రెండున్నర కిలోలు లాగించేస్తుంది, అంటే పొడవూ వెడల్పూ ఎత్తూ పదేసి అడుగులున్న గదిలోని గాలంతా ఆ ఒక్క గంటకే సరి. అలాంటిదాన్ని మెట్ల కింద అరలో పెట్టి, దొంగలు ఎత్తుకుపోతారని తలుపుకి తాళం వేస్తారు! ఆ గదికి నేల దగ్గరొకటి, సీలింగ్ దగ్గరొకటి బయటి గాలి వచ్చే కన్నాలు ఉండాలి. చలిగాలి కొడుతోందని వాటిలో గోనెసంచి కుక్కకూడదు. సెల్లార్‌లో పెట్టారంటే ఇంకో గొడవ, ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైన గ్యాస్ అక్కడే నేల మీద పేరుకుంటుంది.

ఇక గొట్టం. కిచెన్ చిమ్నీకి వాడే అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు తెచ్చి, సాగదీసి, మధ్యలో వేలాడేలా వదిలి, జాయింట్‌కి టేప్ చుట్టేస్తారు. మరీ ఘోరం, పీవీసీ పైపు. మామూలు గీజర్ పొగ వేడికి అది మెత్తబడి వంగిపోతుంది. కిలో గ్యాస్ కాలితే ఒకటిన్నర లీటర్ల నీళ్లకు సరిపడా ఆవిరి పుడుతుంది, గొట్టం అడ్డంగా పొడుగ్గా ఉంటే ఆవిరి లోపలే నీరై తుప్పు పట్టిస్తుంది. అందుకే గీజర్ నెత్తి మీంచి ముందు నిలువుగా లేపాలి, అడ్డంగా పోక తప్పకపోతే మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున పైకి వాలు ఇవ్వాలి, మధ్యలో సైజు తగ్గించకూడదు, జాయింట్లకి స్క్రూలు పడాలి, చివర టెర్రస్ దాటి టోపీ పెట్టాలి.

తుప్పు ఏం చేస్తుందో అమెరికాలో నార్త్ కరోలినాలోని బూన్ ఊళ్లో చూశారు. అక్కడి ఒక హోటల్లో స్విమ్మింగ్ పూల్ నీళ్లు కాచే గ్యాస్ హీటర్ గొట్టానికి తుప్పుతో చిల్లులు పడ్డాయి. 2013 ఏప్రిల్‌లో దాని పై గదిలో దిగిన వృద్ధ దంపతులు చనిపోయారు. కారణం తేల్చకుండానే గదిని మళ్లీ అద్దెకిచ్చారు, జూన్‌లో అదే గదిలో పదకొండేళ్ల పిల్లాడు పోయాడు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం లాడ్జింగుల్లో ఇలాంటి హీటర్లున్న చోట, వాటిని ఆనుకున్న పడక గదుల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది.

మన దగ్గర అంతదాకా ఆగాలా? ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్‌కి వచ్చే ఇన్‌స్పెక్టర్ జేబులో ఒక అగరుబత్తి చాలు. గీజర్ ఉన్న గది తలుపులు మూయించి, బిల్డింగులో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేయించి, గీజర్ వెలిగించి ఐదు నిమిషాలు ఆగి, గొట్టం మొదట్లో అగరుబత్తి పొగ పట్టి చూడాలి. పొగ లోపలికి లాక్కుంటే సరే. మొహం మీదకి తంతే అప్పటికప్పుడు వాల్వ్ కట్టేయించాలి. ఫ్యాన్లు వేయించమన్నది ఊరికే కాదు, పక్క బాత్‌రూం ఫ్యాన్ గట్టిదైతే గీజర్ పొగని వెనక్కి లాగేస్తుంది, ఫ్యాన్ ఆపి చేసే పరీక్షలో అది బయటపడదు.

ఓనర్లకి ఒక మాట. గీజర్‌కి వేలకు వేలు పెట్టి గొట్టం దగ్గర బేరమాడకండి. టెర్రస్ దాకా గొట్టం తీసే దారి లేదంటే ఆ బిల్డింగుకి గ్యాస్ వద్దు, హీట్ పంపో (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లాగి నీళ్లు కాచే మిషను) సోలారో పెట్టుకోండి. ఆ మాట చెప్పి నేను పోగొట్టుకున్న ఆర్డర్లు ఉన్నాయి, ఆ పని ఇంకొకడు వచ్చి డక్టులోకి తీసేసి వెళ్లిపోయాడు.

ఇట్లు,
ఒక ప్లంబింగ్ కాంట్రాక్టర్, హైదరాబాద్