జాకెట్లు ఇచ్చారు సరే, సాయానికి పిలిచేదెలా?

సంపాదకులు గారికి,

కృష్ణకు నీళ్లు బాగా వచ్చాయని మనవళ్లను వెంటబెట్టుకుని నల్లమల వైపు లాంచీ ఎక్కాను. ఏ రేవు, ఎవరి లాంచీ అన్నది రాయను. ఒకరిని పట్టించడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. లైఫ్ జాకెట్లు ఇచ్చారు, అందరూ బకిల్ పెట్టుకునేదాకా లాంచీ కదల్లేదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు పడవ ప్రమాదం చూసినవాళ్లం కాబట్టి అంతవరకు సంతోషమే.

కాసేపటికి రెండు పక్కలా కొండలే మిగిలాయి. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు ఇంజన్ ఆగితే ఎట్లా అని సరంగును అడిగాను. "ఏం గాదు సారూ, ఇరవై ఏండ్ల సంది నడిపిస్తున్న" అన్నాడు. వదలకుండా అడిగితే సీటు కింద నుంచి ఒక రేకు డబ్బా లాగాడు. తాళ్లు, స్పానర్లు, డీజిల్ గుడ్డల నడుమ మూడు ఎర్ర ఫ్లేర్లు, అంటే ఆపదలో సాయానికి పిలవడానికి వెలిగించే మంట కడ్డీలు. ఒకదాని అట్ట చెమ్మకు ఉబ్బింది. గడువు తేదీ అరిగిపోయింది. ఎట్లా వెలిగించాలో ఆయనకు ఎవరూ చూపించలేదట!

అది దీపావళి కాకరపువ్వొత్తి కాదు కదా. సముద్రంలో ఓడల మీద వాడే చేతి ఫ్లేర్ ఒక నిమిషం భగభగా మండుతుంది. పడవ అంచు దాటించి, గాలి పోయే వైపుకు చెయ్యి చాపి పట్టుకోవాలి. లేదంటే రాలే నిప్పు మన మీదే పడుతుంది. సాధారణంగా మూడు నాలుగేళ్లకే గడువు తీరుతుంది. చెమ్మ తగలకుండా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, చేతికందేచోట ఉంచాలి. డీజిల్ గుడ్డల్లో మాత్రం కాదు.

అట్లాగని సముద్రపు పద్ధతులన్నీ తెచ్చి ఇక్కడ పెట్టమనను. 300 మీటర్లు పైకి లేచి మండే పారాచూట్ రాకెట్‌ను ఎండాకాలంలో అమ్రాబాద్ అడవి అంచున వదిలితే కొత్త ముప్పు. పగటికి నీళ్లలో వేసే నారింజరంగు పొగ డబ్బా, చీకటికి ఎస్‌ఓఎస్ (కాపాడండి) అని మిణికే బ్యాటరీ లైటు, ప్రతి జాకెట్‌కూ ఒక విజిల్, రేవుకు మాట అందే వైర్‌లెస్ సెట్టు చాలు. బ్యాటరీలు మార్చడం మరిచిపోతే ఇవీ ఉత్తవే.

చూసేవాళ్లకూ తెలియాలి. రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందికీ ఆడించడం ప్రపంచమంతటా ఆపదలో ఉన్నామన్న సంకేతం. పైసా ఖర్చు లేదు. కానీ మన దగ్గర ఒడ్డున చేపలు పట్టేవాళ్లు అది చూస్తే టాటా అనుకుని తిరిగి చెయ్యి ఊపుతారు. మా చిన్న మనవడైతే దారి పొడవునా ఆ పనే చేశాడు. తీరం ఊళ్లలో, చెంచుల గూడేలైన పెంటల్లో ఒకసారి చూపిస్తే సరిపోతుంది.

నదులు, కాలువల్లో తిరిగే పడవలకు 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. తనిఖీకి వచ్చే అధికారులు జాకెట్లు లెక్కపెట్టి వెళ్లిపోకుండా ఆ రేకు డబ్బా కూడా తెరిపించాలి. గడువు తీరిన ఫ్లేర్లను నదిలో పారేయకుండా ఎవరికి అప్పగించాలో లాంచీవాళ్లకు చెప్పాలి. టికెట్ కౌంటర్ దగ్గర ధరల పట్టిక పక్కనే ఆ గడువు తేదీలూ రాయిస్తే, ఎక్కేముందు మేమే చూసుకుంటాం.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హాలియా, నల్లగొండ జిల్లా