2025 వార్షిక నివేదిక: బాయ్‌సీ (ఇడహో, అమెరికా) తెలుగు వేట, చేపల సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. మనలో ఎవరికీ సొంత రాంచ్ లేదు. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయాక పుట్టినవాళ్లమే ఎక్కువ. తుపాకీ పట్టడం, ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి దుప్పి) జాడ గుర్తుపట్టడం ఇడహో వచ్చాకే నేర్చుకున్నాం, అదీ ప్రభుత్వ భూమి మీదే. అందుకే ఈ ఏడాది మన పనంతా భూముల అమ్మకం చుట్టూనే తిరిగింది.

1.85 కోట్ల ఎకరాల కేంద్ర భూమి మీద యూటా రాష్ట్రం వేసిన దావాను జనవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. హమ్మయ్య అనుకున్నాం. మేలో నెవాడా, యూటా భూముల అమ్మకాన్ని బడ్జెట్ బిల్లులో దూర్చారు. మోంటానా ప్రతినిధి ర్యాన్ జింకీ సొంత పార్టీకే అడ్డం తిరిగారు, దాంతో అది పోయింది. జూన్‌లో యూటా సెనేటర్ మైక్ లీ ఇంకా పెద్దదే తెచ్చారు: 11 పశ్చిమ రాష్ట్రాల్లో 22 నుంచి 33 లక్షల ఎకరాలు. ఇళ్ల కొరత తీర్చడానికట. మన ఇడహో మూలనున్న ఓవైహీ గుట్టల్లో నీళ్లు, రోడ్డు లేనిచోట ఇల్లు ఎవరు కడతారో ఆయనకే తెలియాలి.

ఆ రెండు వారాలు మన సభ్యులు లంచ్ టైమ్‌లో సెనేటర్ల ఆఫీసులకు ఫోన్లు చేశారు. "నేను డెమోక్రాట్‌నీ కాదు, రిపబ్లికన్‌నీ కాదు, నాకు డియర్ ట్యాగ్ (జింక వేట అనుమతి చీటీ) ఉంది" అని మన కోశాధికారి గారు వాయిస్ మెయిల్ పెట్టారని విని అందరం నవ్వుకున్నాం. మన సెనేటర్లు క్రేపో, రిష్ ఇద్దరూ వ్యతిరేకించారు. జూన్ 28న లీ తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మన ఫోన్ల వల్లే ఆగిందని గొప్పలు చెప్పను. పశ్చిమాన వేటగాళ్లంతా ఒక్కటయ్యారు, అందులో మనమూ ఉన్నాం. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ, ఏం మాట్లాడాలో తెలుగులో రాసిచ్చిన చెల్లెమ్మకీ సంఘం తరఫున ధన్యవాదాలు.

ఆ మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపులో చప్పుడు లేదు. గెలిచేశాం అనుకున్నారు. అది కేంద్రం భూమి సంగతి. రాష్ట్రం భూమి లెక్క వేరు. 1890లో ఇడహో రాష్ట్రమైనప్పుడు ప్రతి టౌన్‌షిప్‌లో, అంటే 36 చదరపు మైళ్ల సర్వే గడిలో, 16, 36 నంబర్ల సెక్షన్లు (ఒక్కోటి ఒక చదరపు మైలు) బడుల కోసం ఇచ్చారు. మన ఊళ్లో గుడి మాన్యంలా ఇది బడి మాన్యం. మొత్తం 36 లక్షల ఎకరాల పైచిలుకు భూమి వస్తే, ఇప్పుడు మిగిలింది దాదాపు 25 లక్షలు. ఈ భూమి నుంచి దీర్ఘకాలంలో వీలైనంత ఎక్కువ రాబడి తేవాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. వేటగాడికి చోటివ్వాలన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒక్కరికి 320 ఎకరాలకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రం ఉంది. నెవాడాకు ఇలాగే 27 లక్షల ఎకరాలు వచ్చాయి, ఇప్పుడు అక్కడ మిగిలింది 3 వేల ఎకరాల చిల్లర. కేంద్ర భూమి రాష్ట్రాల చేతికొస్తే మంచిదే కదా అనేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

ఆగస్టు సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు: "కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికింది. ఇక్కడా అమ్మి బడులకు ఇస్తే తప్పేంటి?" మంచి ప్రశ్నే. అసలు అమ్మకమే వద్దని మనం అనడం లేదు. వయోమింగ్‌లో గ్రాండ్ టీటన్ పక్కనున్న 640 ఎకరాల రాష్ట్ర భూమిని 2024 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు అమ్మారు. కొన్నది నేషనల్ పార్కే, పైగా వేట, మేత కొనసాగాలన్న షరతుతో. బడికి డబ్బొచ్చింది, ప్రాంగ్‌హార్న్‌లు (జింకలాంటి జంతువులు) వలస వెళ్లే దారీ మిగిలింది. దారి మూసి గేటు వేసుకునేవాడికి వేలంలో అమ్మితేనే మన బాధ.

ఆ గేటు ఎలా ఉంటుందో చూపించడానికే అక్టోబరులో క్షేత్ర పర్యటన పెట్టాం. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ కార్యక్రమం ఇదే. మౌంటెన్ హోమ్ దాటాక మట్టిరోడ్డు మీద ఏడు ట్రక్కులు, పిల్లలతో కలిసి వెళ్లాం. ఫోన్ మ్యాప్‌లో నీలం గడి, అంటే రాష్ట్ర భూమి, కళ్లెదుటే ఉంది. దానికీ మనకీ మధ్య కొత్త ముళ్లకంచె, గుంజలకు ఇంకా ఆరీ ఆరని నారింజ రంగు, అంటే లోపలికి రావద్దని గుర్తు. ఒక పిల్లాడు ముట్టుకుంటే చేతికంటింది. కంచె అవతల చుకర్ పిట్టలు (కౌజు జాతివి) అరుస్తున్నాయి. వాటి మీద మనకు హక్కుంది, వెళ్లే దారే లేదు. పశ్చిమ రాష్ట్రాల్లో ఇలా చిక్కుకుపోయిన రాష్ట్ర భూమి 60 లక్షల ఎకరాల పైమాటే.

నిచ్చెన వేసుకుని మూల దాటొచ్చు కదా అని కుర్రాళ్లు అడిగారు. వయోమింగ్‌లో నలుగురు మిస్సోరీ వేటగాళ్లు ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా, మూలలు కలిసేచోట ఒక ప్రభుత్వ గడి నుంచి ఇంకో ప్రభుత్వ గడిలోకి అలాగే దాటారు. మార్చిలో పదో సర్క్యూట్ అనే కేంద్ర అప్పీళ్ల కోర్టులో గెలిచారు కూడా. ఆ తీర్పు ఇడహోలో చెల్లదు, దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. అయినా మన నీలం గడికి వేరే ప్రభుత్వ భూమితో కలిసే మూల కూడా లేదు, నాలుగు వైపులా ప్రైవేటే.

సాయంత్రం పాట్లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో) ఎల్క్ కీమా, గోంగూర వేసి వండిన జింక మాంసం పది నిమిషాల్లో అయిపోయాయి. వండిన వదినలకు, ఫ్లెక్సీ మ్యాప్ ఉచితంగా వేయించిన తమ్ముడికి, వేటాడకపోయినా పిల్లల్ని చూసుకున్న శాకాహారి సభ్యులకు ప్రత్యేక కృతజ్ఞతలు.

జమాఖర్చుల కాగితం మీ కుర్చీల మీద పెట్టాం. కోశాధికారి గారు సరిచూశారు. నష్టం లేదు. చందా బాకీ ఉన్నవాళ్లకు తమ సంగతి తెలుసు.

ఇక చెప్పక తప్పని మాట. రాష్ట్ర భూముల సంగతి చూసే ల్యాండ్ బోర్డు ప్రతి నెలా మూడో మంగళవారం బాయ్‌సీలోనే, మన ఇళ్లకు ఇరవై నిమిషాల దూరంలోనే కూర్చుంటుంది. గవర్నరు, మరో నలుగురు. ఏ భూమి వేలానికి వస్తుందో అక్కడే తేలుతుంది. పాట్లక్‌కు ప్లేట్లు సరిపోలేదు, ఈ మీటింగులకు మాత్రం ఎప్పుడూ ముగ్గురమే, ఒక్కోసారి నేనొక్కడినే. మంగళవారం ఆఫీసు ఉంటుందని నాకూ తెలుసు, నాకూ ఉంది. ఒక అధికారికి దారి గురించి రెండు ఉత్తరాలు రాశాం, అందినట్టు ముక్క కూడా రాలేదు. ఎదురుగా ఇరవై మంది కూర్చుంటే అలా ఊరుకోలేరు.

ఫిబ్రవరి మీటింగుకు వచ్చేవాళ్లు ఇవాళే పేరివ్వండి, రైడ్ నేను ఏర్పాటు చేస్తాను. పాట్లక్ నాటి రెండు స్టీలు గిన్నెలు, ఒక కుక్కర్ మూత నా గ్యారేజీలో ఉన్నాయి. ఎవరివో వాళ్లు తీసుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి