నాన్నగారికి, కొత్త హోమ్స్ గురించి

లండన్,
27 జూలై 2010

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో నాలుగు ముక్కల్లో చెప్పేస్తే నాకు తృప్తి ఉండదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొన్న ఆదివారం, అంటే 25వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు, బీబీసీ వన్‌లో ‘షెర్లాక్’ అనే కొత్త సీరియల్ మొదలైంది. కోనన్ డాయిల్ కథల్లోని మన డిటెక్టివ్ హోమ్స్‌నూ, అతని మిత్రుడు వాట్సన్‌నూ గుర్రపు బండ్ల కాలం నుంచి తెచ్చి, సెల్‌ఫోన్లూ నల్ల టాక్సీలూ తిరిగే ఇప్పటి లండన్‌లో నిలబెట్టారు. ఈ మాట చదవగానే మీరు కళ్లజోడు తీసి పక్కన పెడతారని నాకు తెలుసు. చూసేదాకా నేనూ మీలాగే అనుకున్నాను. అందుకే, దయచేసి చివరిదాకా చదవండి.

ఇక్కడి పెద్దవాళ్లలో చాలామందికి హోమ్స్ అంటే జెరెమీ బ్రెట్ ముఖమే గుర్తొస్తుంది. గ్రనాడా టీవీ వాళ్ల సీరియల్‌లో 1984 నుంచి 1994 దాకా ఆయనే ఆ వేషం కట్టారు. మా ఇంటి యజమానురాలికి డెబ్బై దాటాయి. ఆవిడైతే ఈ కొత్త ప్రయత్నం గురించి విన్నప్పటి నుంచీ కోపంగానే ఉన్నారు. ఏటా 145 పౌండ్ల 50 పెన్నీలు టీవీ లైసెన్సు కట్టేది ఇలాంటి వాటి కోసమా అని శనివారం నాడు మెట్ల దగ్గర నన్నే నిలదీశారు. చిన్నప్పుడు బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా వేసిన సినిమాలు చూశానని కూడా ఆవిడే చెప్పారు. నిజానికి 1942 నుంచి వచ్చిన ఆ సినిమాల్లో హోమ్స్ అప్పటి యుద్ధకాలంలోనే తిరుగుతూ నాజీ గూఢచారులను పట్టుకుంటాడు. కాబట్టి హోమ్స్‌ను కాలం మార్చి చూపించడం ఇది మొదటిసారి కాదు. ఆ సంగతి గుర్తు చేశాక ఆవిడ కాస్త మెత్తబడి, ఆదివారం రాత్రి కిందికి రమ్మని పిలిచారు. ఇద్దరం కలిసి తొంభై నిమిషాలూ, మధ్యలో ఒక్క ప్రకటన కూడా లేకుండా, చూశాం.

మొదటి దృశ్యం యుద్ధానిది. వాట్సన్ పీడకల నుంచి ఉలిక్కిపడి లేచి, బోసిపోయిన చిన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. 1887లో అచ్చయిన మొదటి కథ ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో డాక్టరు వాట్సన్ అఫ్గానిస్తాన్‌లోని మైవాంద్ యుద్ధంలో గాయపడి ఇంటికి చేరాడు కదా. ఇప్పటి వాట్సన్ కూడా అఫ్గానిస్తాన్ నుంచే గాయంతో తిరిగొచ్చాడు. కథను ఇన్నేళ్లు ముందుకు జరిపినా ఆ దేశం పేరు మార్చాల్సిన అవసరం రచయితలకు రాలేదు. మైవాంద్ యుద్ధం జరిగింది 1880 జూలై 27న. నేను ఈ ఉత్తరం రాస్తున్న రోజుకు సరిగ్గా 130 ఏళ్లు. మా ఇంటావిడ చెల్లెలి మనవడు ఇప్పుడు అదే దేశంలోని హెల్మండ్‌లో ఉన్నాడు. ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. మార్టిన్ ఫ్రీమన్ అనే నటుడు వాట్సన్‌గా వేశారు. ఏడవకుండా, గొంతు పెంచకుండా, నోరు బిగించుకుని మంచం మీద కూర్చున్న ఆ తీరులోనే ఆయన మమ్మల్నిద్దరినీ గెలుచుకున్నారు.

హోమ్స్‌గా వేసిన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ నాకు కొత్త ముఖం. ఆయన పోలీసుల పత్రికా సమావేశానికి రాకుండానే మనకు పరిచయమవుతారు. వరసగా జరిగిన మరణాలు ఆత్మహత్యలేనని పోలీసులు చెబుతూండగా, గదిలోని విలేకరుల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగి, ‘తప్పు’ అనే ఒక్క మాట అందరికీ చేరుతుంది. ఆ మాటను ఫోను తెర మీద చూపించకుండా, గాలిలో తేలుతున్నట్టు బొమ్మ మీదే చూపించారు. తర్వాత గులాబీరంగు దుస్తుల్లో చనిపోయి పడి ఉన్న స్త్రీని హోమ్స్ పరిశీలించేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించారు. కోటు తడిగా ఉంది, జేబులో గొడుగు పొడిగా ఉంది, కాలరు కింది భాగం కూడా తడిసింది; అంటే గొడుగు తెరవలేనంత గాలి వీచిన చోటి నుంచి ఆమె వచ్చింది. ఆయన చెయ్యి తాకిన ప్రతిచోటా ఒక్కో మాట తేలుతూ వచ్చింది. పెళ్లి ఉంగరం బయట మాసిపోయి ఉంది గానీ లోపలి వైపు మెరుస్తోంది, ఎందుకంటే ఆమె దాన్ని తరచూ తీసి పెట్టుకుంటోంది. ఈ మాట దగ్గర మా ఇంటావిడ తన ఉంగరాన్ని మెల్లగా తిప్పి తీసి, దీపం వెలుగులో పట్టుకుని, లోపలి అంచు చూసుకుని మళ్లీ పెట్టుకున్నారు. నాన్నగారూ, పుస్తకంలో హోమ్స్ ఊహలు వింటుంటే మనకు కలిగే కోరిక సరిగ్గా అదే. మన చేతినీ మన చెప్పునూ ఒక్కసారి చూసుకోవాలనిపిస్తుంది. అది ఇక్కడ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. ఈ సీరియల్‌ను సృష్టించిన స్టీవెన్ మోఫట్, మార్క్ గేటిస్ పాత పాఠకులను పక్కన పెట్టలేదు. వాళ్లకు తెలిసినదాన్నే ఆటలోకి దింపారు. ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో గోడ మీద నెత్తుటితో ‘రాచె’ అని రాసి ఉండటం, అది ‘రాచెల్’ అనే పేరని పోలీసు అధికారి లెస్ట్రేడ్ అనుకోవడం, జర్మన్ భాషలో పగ అని అర్థమంటూ హోమ్స్ సరిదిద్దడం మీకు కంఠతా వచ్చు. ఇక్కడ చనిపోతున్న స్త్రీ అదే మాటను నేల మీద గోళ్లతో గీస్తుంది. పోలీసుల మనిషి ఒకడు అది జర్మన్ మాటని అనగానే, హోమ్స్ కాదని తోసిపుచ్చి, ఆమె ‘రాచెల్’ అనే పేరు రాయబోయిందంటాడు. పుస్తకం చదివినవాళ్లే ముందుగా పొరబడతారు. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ కథలో హోమ్స్ పరిశీలించే వాట్సన్ గడియారం చోట ఇక్కడ సెల్‌ఫోన్ వచ్చింది. తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ ఉండే గీతల బదులు ఛార్జరు పెట్టే రంధ్రం చుట్టూ గీతలు. తాగినవాడి చేతి వణుకు మాత్రం అదే. ఫోను వెనక ‘హ్యారీ’ అని ఉన్న పేరు చూసి అది వాట్సన్ సోదరుడిదని హోమ్స్ చెబుతాడు, నేనూ సరేననుకున్నాను. తీరా చూస్తే ఆ ‘హ్యారీ’ సోదరుడు కాదు, హ్యారియెట్ అనే సోదరి! తను తప్పాడని తెలిసిన క్షణంలో హోమ్స్ ముఖం మీరు చూసి తీరాలి. వాట్సన్‌కు తూటా తగిలింది భుజానికా కాలికా అని మనం ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో గుర్తుందా? దానికీ జవాబిచ్చారు. గాయం భుజానిది, కుంటడం మనసుది.

సోమవారం ఆఫీసులో పని మొదలవడానికి అరగంట పట్టింది. మొదటి రాత్రే సుమారు 75 లక్షల మంది చూశారని వార్తలొచ్చాయి, మా అంతస్తులో చూడనివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారంతే. అందరూ మెచ్చుకున్నారని మాత్రం అనను. హోమ్స్ మరీ మొరటుగా ఉన్నాడని, పోలీసులను తేలిక చేసి మాట్లాడటం తనకు నచ్చలేదని ఒక సహోద్యోగిని అన్నారు. పైపు లేకపోవడం ఇంకొకరికి వెలితిగా తోచింది. ఇప్పటి హోమ్స్ పొగ మాన్పించే నికోటిన్ పట్టీలు మూడు చేతికి అంటించుకుని ఆలోచిస్తాడు. 2007 జూలై నుంచి ఇంగ్లండులో మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషిద్ధం కనుక, నాకది న్యాయంగానే తోచింది.

నాకూ ఒక అసంతృప్తి ఉంది. హంతకుడు టాక్సీ నడిపేవాడని మేము హోమ్స్ కన్నా చాలా ముందే పోల్చుకున్నాం. మూల కథలోనూ బండివాడే కాబట్టి మీలాంటి పాఠకులు ఇంకా ముందే పోల్చుకుంటారు. టాక్సీని వెంటాడి ఆపి, వెనక సీటులోని ప్రయాణికుణ్ణి ప్రశ్నించి, ముందు కూర్చున్నవాణ్ణి చూడకుండా వదిలేయడం హోమ్స్ అంతటివాడికి తగదనిపించింది. బండి తోలేవాడి ముఖం ఎవరూ చూడరన్నదే ఈ కథకు ప్రాణమని మా ఇంటావిడ ఎదురు చెప్పారు. ఆ మాటలో నిజముంది గానీ, నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. గొడుగు పట్టుకుని వాట్సన్‌ను పాడుబడిన గిడ్డంగికి రప్పించిన పెద్దమనిషి విషయంలో మాత్రం పూర్తిగా మోసపోయాను. అతను హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీయేనని గట్టిగా అనుకున్నాను, చివరికి హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ అని తేలింది. ఆ వేషం వేసింది రచయితల్లో ఒకరైన గేటిసే.

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది చివరి దృశ్యం గురించి. రెండు సీసాల్లో ఒక్కో మాత్ర, ఒకదానిలో విషం, రెండోది మామూలుది; ఎదుటివాడు ఒకటి ఎంచుకుంటే హంతకుడు రెండోది మింగుతాడు. హోమ్స్ ఒకటి ఎంచుకుని వెలుగులో ఎత్తి చూస్తుండగా, ఎదుటి భవనం కిటికీలోంచి వాట్సన్ తుపాకీ పేలుతుంది. ఎంచుకున్నది సరైనదేనా అని నేల మీద పడి ఉన్న టాక్సీవాణ్ణి హోమ్స్ అడిగినా జవాబు రాదు. మనకూ చెప్పలేదు. హోమ్స్ తప్పడని మా ఆఫీసులో సగం మంది, ఆ రాత్రి అతని గర్వమే అతణ్ణి చంపేదని మిగతావాళ్లు. నేను రెండో పక్షం. అంతకుముందు నాలుగుసార్లు గెలిచిన మనిషి ఎదుటివాడి ముఖం చదవడంలో హోమ్స్‌కు తీసిపోయేవాడు కాదు.

ఇంకా రెండు భాగాలున్నాయి, వచ్చే ఆదివారం ఒకటి, ఆగస్టు 8వ తేదీన ఒకటి. ఈసారి మా ఇంటావిడే ముందుగా రమ్మని చెప్పారు. మీరు మూల కథ మరోసారి తిరగేసి, ఏ సీసా సరైనదో మీ అభిప్రాయం వెంటనే రాయండి. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మాయి